తమ్ముణ్ణి ఆటలో అరటిపండుని చేయకండి

ప్రశ్న: మాది ఉప్పల్. మా తమ్ముడికి పదిహేడేళ్ళు. రెండేళ్ళ కిందట రెటీనా జబ్బుతో రెండు కళ్ళకీ చూపు పూర్తిగా పోయింది. పదో తరగతితో చదువు ఆగింది. అంతకుముందు ఫోన్‌లో గేమ్స్, గల్లీలో క్రికెట్ అంటే ప్రాణం. ఇప్పుడు రోజంతా మంచం మీదే. దసరాకి సరదాగా లూడో ఆడాం. వాడు డైస్ వేస్తే ఎంత పడిందో నేను చెప్పాను. నాలుగు పడితే ఆరు అన్నాను. వాడు డైస్ మీద గుంతల్ని వేలితో తడిమి చూసుకుని, ఒక్క మాట కూడా అనకుండా లేచి వెళ్ళిపోయాడు. చూపు లేనివాళ్ళు వింటూ ఆడే ఆటల వెబ్‌సైట్లు ఉంటాయని ఆఫీసులో ఎవరో చెప్పారు. ఏవి మంచివి? నాన్నేమో "మళ్ళీ ఫోన్ పిచ్చి పట్టిస్తావా" అంటున్నారు. ఆటల మాటెత్తితే అమ్మ ఏడుస్తోంది.

జవాబు: అమ్మా, వెబ్‌సైట్ల సంగతి తప్పకుండా చెప్తాను, చాలానే ఉన్నాయి. ముందు ఆ డైస్ గురించి మాట్లాడుకుందాం, ఎందుకంటే మీ ఉత్తరం మొత్తంలో నన్ను పట్టి ఆపింది అదే. మీరు ప్రేమతోనే ఆరు అన్నారు. వాడికి మాత్రం ఇక ఈ ఇంట్లో నేను ఆటలో అరటిపండుని అని తెలిసొచ్చింది. చిన్నప్పుడు మనం పసిపిల్లల్ని అలాగే కదా కలుపుకునేవాళ్ళం, వాళ్ళు ఔటైనా ఔట్ కాదు, గెలిచినా లెక్కలోకి రాదు. పదిహేడేళ్ళ వాడికి, అందులోనూ గల్లీలో బ్యాట్ పట్టుకుని కొట్లాడినవాడికి అది ఎంత గుచ్చుకుని ఉంటుందో ఆలోచించండి. అందుకే ఈ ఆటల గురించి వాడికి చెప్పేముందు "ఆ రోజు పడింది నాలుగే, నేను అబద్ధం చెప్పాను, సారీ" అని వాడితో అనండి. పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు.

ఇప్పుడు ఆటలు. మీ తమ్ముడికి అన్నిటికంటే పనికొచ్చేది నా ఉద్దేశంలో లైచెస్. చదరంగం సైట్, పూర్తిగా ఉచితం, యాడ్స్ ఉండవు. దీన్ని తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే మొదట్లోనే బ్లైండ్ మోడ్ ఆన్ చేసుకోమని ఒక బటన్ వినిపిస్తుంది. మీరు కళ్ళతో వెతికితే ఆ బటన్ కనిపించదు, అది వాడి కోసం పెట్టింది. ఎత్తు టైప్ చేస్తే చాలు, అవతలివాళ్ళ ఎత్తు చదివి వినిపిస్తుంది. అవతల ఆడేవాళ్ళకి మీవాడికి చూపు లేదని తెలియాల్సిన పనే లేదు, ఓడిస్తే నిజంగానే ఓడిస్తారు, వాడు గెలిస్తే నిజంగానే గెలిచినట్టు. మీరూ అందులోనే అకౌంట్ తెరిచి పక్క గదిలోంచి వాడితో ఆడొచ్చు. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుని ఆడాలంటే అంధుల చెస్ బోర్డు ఉంటుంది, నల్ల గళ్ళు కాస్త ఎత్తుగా, ప్రతి గడికీ ఒక రంధ్రం, నల్ల పావుల తలమీద చిన్న మొన, అంతా తడిమి తెలుసుకునేలా చేసింది.

రెండోది క్వెంటిన్ సి ప్లేరూమ్. ఇది ఒక పెద్ద హాలు లాంటిది, లోపల టేబుళ్ళు ఉంటాయి, ఊనో లాంటి పేకలు, డైస్ ఆటలు, బోర్డు ఆటలు, ఏదో ఒక టేబుల్ దగ్గర కూర్చుని వేరే దేశాల వాళ్ళతో ఆడొచ్చు. డైస్ ఎంత పడిందో కంప్యూటరే చెప్తుంది కాబట్టి మధ్యలో జాలిపడే అక్కయ్యలు ఉండరు. ఆర్ఎస్ గేమ్స్ అనేదీ ఇలాంటిదే. ఒంటరితనానికి నేనైతే ఇలా మనుషులతో కలిసి ఆడేవే ముందు చెప్తాను.

ఏ ఆట ఎలాంటిదో వెతుక్కోవడానికి ఆడియోగేమ్స్ డాట్ నెట్ ఉంది, ఇరవై ఏళ్ళకు పైగా నడుస్తోంది, రేసులు, యుద్ధాలు, పజిల్స్, కథలు, అన్నీ జాబితాగా దొరుకుతాయి. మీ ఇంట్లో ఐఫోన్ ఉంటే యాపిల్‌విస్ కూడా చూడండి, ఏ యాప్ వాయిస్ఓవర్‌తో, అంటే ఐఫోన్‌లోనే ఉండే తెర చదివే ఏర్పాటుతో, ఎంతవరకు పనిచేస్తుందో వాడి చూసినవాళ్ళే అందులో రాస్తారు.

కథ ఉన్న ఆట కావాలంటే "ఎ బ్లైండ్ లెజెండ్", 2015లో ఫ్రాన్స్‌లో తయారైంది, ఫోన్‌లో ఆడొచ్చు. చూపు పోయిన ఒక యోధుడు, అతనికి దారి చెప్పే కూతురు. ఆమె గొంతు ఎడమ నుంచి వస్తే ఎడమకి, కుడి నుంచి వస్తే కుడికి నడవాలి, కత్తి దెబ్బ ఏ పక్క నుంచి వస్తోందో విని కాచుకోవాలి. రెండు చెవులకూ ఇయర్‌ఫోన్స్ లేకుండా ఇది ఆడలేరు. కంప్యూటర్ ఉంటే 2021లో వచ్చిన "ద వేల్" కూడా ఉంది, కొనాల్సి ఉంటుంది, అందులో నాయికకీ చూపు లేదు. చూపున్నవాళ్ళు ఆడే పెద్ద ఆటల్లోనూ కొన్ని దారిలోకి వస్తున్నాయి. కారు రేసుల ఫోర్జా మోటార్‌స్పోర్ట్‌లో 2023 నుంచి మలుపు ఎప్పుడొస్తోందో, ఎటు తిప్పాలో శబ్దాలతో చెప్పే ఏర్పాటు పెట్టారు. దానికి మంచి కంప్యూటర్ గానీ ఎక్స్‌బాక్స్ అనే గేమ్స్ మెషీన్ గానీ కావాలి, కాబట్టి ఇప్పుడే ఖర్చు పెట్టొద్దు.

మొదలుపెట్టేటప్పుడు చిరాకు తెప్పించేవి కొన్ని ఉంటాయి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్, విండోస్ కంప్యూటర్‌లో ఎన్‌వీడీఏ, ఇవే తెర చదివి వినిపించేవి, రెండూ ఉచితం, రెండింటిలోనూ తెలుగు వినొచ్చు. వాటిని ఎలా వాడాలో రాకుండా ఆట మొదలుపెడితే అరగంటలో ఫోన్ విసిరేస్తాడు, ముందు అవి నేర్చుకోవాలి, మాట వేగం బాగా తగ్గించి పెట్టుకోమనండి. కొన్ని ఫోన్ ఆటలు తెర మీద వేలు జరపడాన్ని తమ పద్ధతిలో వాడుకుంటాయి, అప్పుడు టాక్‌బ్యాక్ కాసేపు ఆపాలి. ప్లే స్టోర్‌లో దొరికినవన్నీ దింపుకోవద్దు, తెరవగానే "బటన్, బటన్" అని తప్ప ఇంకేమీ చదవలేదంటే అది వాడికి పనికిరాదు, తీసేయండి. ఆటలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉంటాయి, మొదటి కొన్ని రోజులు పక్కన కూర్చుని అర్థం కానిది చెప్పండి. అయితే ఫోన్ వాడి చేతిలోంచి లాక్కుని మీరు నొక్కకండి, పది నిమిషాలు పట్టినా సరే వాడినే నొక్కనివ్వండి.

వాల్యూమ్ గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను. రేపు తెల్లకర్ర పట్టుకుని రోడ్డు దాటాలన్నా, ఎవరొచ్చారో తెలియాలన్నా వాడికి చెవులే ఆధారం. 80 డెసిబెల్స్ మోత అయితే వారానికి 40 గంటలకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది, పిల్లలకైతే ఆ 80 బదులు 75 డెసిబెల్స్. సౌండ్ సగం దాటనివ్వకండి, బయట నడిచేటప్పుడు ఇయర్‌ఫోన్స్ వద్దేవద్దు. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటివి దగ్గరికి కూడా రానీయకండి, తెలంగాణలో అవి 2017లోనే నిషేధం, 2025లో కేంద్రమూ చట్టం చేసింది.

నాన్నగారి భయం తప్పని అనను. కానీ ఫోన్ పిచ్చి అనాలంటే ఆ ఫోన్ వేరే పనులన్నిటినీ మింగేస్తూ ఉండాలి కదా, మీవాడి రోజులో ఇప్పుడు మింగడానికి ఏ పనీ లేదు. ఉప్పల్‌లోనే ఉంటున్నారు, స్టేడియం కేకలు మీ ఇంటిదాకా వినిపిస్తూనే ఉంటాయేమో. అంధుల క్రికెట్‌లో బంతి లోపల గోళీలు గలగలమంటాయని, ఆ చప్పుడు పట్టుకునే బ్యాట్ తిప్పుతారని, అందులో భారత జట్టుకు కెప్టెన్‌గా చేసిన అజయ్ కుమార్ రెడ్డి మన తెలుగువాడేనని, 2023 అర్జున అవార్డు అందుకున్నాడని నాన్నగారితో చెప్పండి. ఆ చెప్పడం తమ్ముడు వింటుండగా చెప్తే ఇంకా మంచిది.

అమ్మగారి ఏడుపు వేరు. ఆవిడకి ఇంకా దుఃఖం తీరలేదు, పోయిన ఆ చూపు తిరిగి వస్తుందేమోనని ఎక్కడో ఆశ ఉండి ఉంటుంది, అంధుల ఆట అనే మాట ఆ ఆశని కోసేస్తోంది. ఆవిడని తొందరపెట్టకండి, ఏడవనివ్వండి. బంజారాహిల్స్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి అనుబంధంగా చూపు లేనివాళ్ళకి శిక్షణ ఇచ్చే పునరావాస విభాగం ఉంది, తమ్ముణ్ణి అక్కడికి తీసుకెళ్ళేటప్పుడు అమ్మగారినీ వెంట తీసుకెళ్ళండి. తనలాంటి తల్లులు ఇంకొందరు అక్కడ బెంచీల మీద కూర్చుని ఉంటారు. నడక, కంప్యూటర్, చదువు మళ్ళీ మొదలుపెట్టడం, ఈ మూడూ అక్కడే అడగండి. పరీక్షల్లో రాసిపెట్టే మనిషినీ, అదనపు సమయాన్నీ అడిగే హక్కు వాడికి ఉంది.

ఒక్క విషయం వాయిదా వేయకండి. తిండి మానేయడం, రాత్రంతా మేలుకోవడం, "నేనుండి ఏం లాభం" లాంటి మాటలు ఏమైనా ఉంటే ఆటల సంగతి పక్కనపెట్టి 14416కి ఫోన్ చేయండి. అది టెలి మానస్, ప్రభుత్వానిది, ఉచితం, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడొచ్చు.

అవేవీ లేకపోతే ఈ ఆదివారం అదే లూడో బోర్డు తీసి, వాడు ఒప్పుకుంటేనే, మళ్ళీ ఆడండి. వాడి డైసే కాదు, మీది కూడా ఎంత పడిందో వాడే తడిమి చెప్పాలి. మీ కాయ వాడి కాయ దగ్గరికొస్తే చంపేయండి.