సైరంధ్రి వనానికి పోయే ముందు

ప్రశ్న: పాకాల, ఏటూరునాగారం అడవులు బాగా తిరిగినం. ఈ డిసెంబర్‌ల కేరళలోని సైలెంట్ వ్యాలీ నేషనల్ పార్కుకు పోదామనుకుంటున్నం. అక్కడ జంతువులు మంచిగ కనబడుతయా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: మన అడవుల్లో చూసినట్టు చూస్తే ఏమీ కనబడదు. పాకాల, ఏటూరునాగారం ఆకురాల్చే అడవులు. ఎండాకాలం టేకు మోడువారుతుంది, చెలిమెలు ఎండుతాయి, మిగిలిన ఒకటి రెండు మడుగుల దగ్గరికి జంతువులన్నీ రాక తప్పదు. సైలెంట్ వ్యాలీ (సైరంధ్రి వనమన్నా ఇదే) సతతహరితం. అక్కడి వాన మన దగ్గర పడేదానికి సుమారు మూడింతలు. ఏడాది పొడుగునా నీళ్లుంటాయి కాబట్టి ఫలానా చోటికి జంతువు వస్తుందని కాపు కాయలేం. పైగా పూత, కాయ అంతా ముప్పై నలభై మీటర్ల ఎత్తులో. తినేవి కూడా అక్కడే ఉంటాయి. పులులు, ఏనుగులు ఉన్నాయి గానీ వాటి మీద ఆశ పెట్టుకుని పోకండి.

చూడాల్సింది సింహపు తోక కోతిని. 1970ల్లో కుంతీ నది మీద జలవిద్యుత్ ఆనకట్ట కట్టబోతే దేశమంతా అడ్డుపడిన ఉద్యమానికి గుర్తుగా నిలిచింది ఈ కోతే. 1983లో ఆ ప్రాజెక్టు మానుకున్నారు, 1984లో నేషనల్ పార్కుగా ప్రకటించారు. అయితే చాలామంది నీలగిరి కొండముచ్చును చూసి ఇదే అనుకుని తిరిగొస్తారు. రెండూ నల్లగానే ఉంటాయి. ముఖం చుట్టూ బూడిదరంగు జూలు, పొట్టి తోక, తోక చివర కుచ్చు ఉంటే అది సింహపు తోక కోతి. జూలు లేకుండా తల గోధుమరంగులో ఉండి, పొడుగాటి తోక కిందికి వేలాడుతుంటే కొండముచ్చు. కోతుల గుంపుకు వెడిప్లావు అనే చెట్టు ముళ్లకాయలంటే ప్రాణం. ఆ చెట్టు ఏదో గైడును అడిగి, కింద కొరికి పడేసిన తాజా తొక్కలు ఉన్నాయేమో చూడండి. ఉంటే అక్కడే పది నిమిషాలు మాట్లాడకుండా నిలబడండి. 8x42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, ముందు అద్దం 42 మి.మీ. ఉన్న) బైనాక్యులర్ చాలు. అంతకన్నా ఎక్కువ పవరుది చేతిలో వణుకుతుంది, ఆ మసక వెలుతురులో బొమ్మ కూడా సరిగా కనబడదు.

ప్రశ్న: వరంగల్ నుంచి ఎట్ల పోవాలె? మా నాయినకు అరవై ఎనిమిదేండ్లు, నడవగలుగుతడా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లోనూ పాలక్కాడ్‌లోనూ ఆగుతుంది. పాలక్కాడ్ నుంచి మన్నార్‌క్కాడ్ మీదుగా ముక్కాలికి రోడ్డు మార్గం. సొంత బండి ముక్కాలి వరకే. అక్కడి అటవీశాఖ ఆఫీసులో అనుమతి తీసుకుని, వాళ్లు ఏర్పాటు చేసే జీపులో గైడుతో పాటు పార్కు లోపలి సైరంధ్రి అనే చోటు దాకా 23 కిలోమీటర్లు పోవాలి. విరాటపర్వంలో ద్రౌపది పేరు సైరంధ్రి కదా, అదే పేరు ఆ చోటుకూ ఉంది. మధ్యాహ్నం దాటితే లోపలికి పంపరు. అందుకే ముందు రాత్రి మన్నార్‌క్కాడ్‌లోనో ముక్కాలిలోనో ఉండి పొద్దున్నే వరుసలో నిలబడండి. వానలు ముదిరినా, కార్చిచ్చు భయమున్నా మూసే అవకాశం ఉంది కాబట్టి బయల్దేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

రోడ్డంతా మలుపులు, గతుకులు. నాన్నగారిని ముందు సీట్లో కూర్చోబెట్టండి. ఖాళీ కడుపుతో వద్దు, రెండు ఇడ్లీలు తినిపించి ఎక్కించండి. సైరంధ్రిలో వాచ్‌టవర్ 30 మీటర్ల ఎత్తు ఉంటుంది. మోకాళ్ల నొప్పులుంటే ఎక్కనివ్వకండి. నది దగ్గరికి ఒకటిన్నర కిలోమీటర్ల దిగుడు దారి. దిగడం సులువే, ఆయాసమంతా తిరిగి ఎక్కేటప్పుడే. దిగక ముందే ఆలోచించుకోండి.

ప్రశ్న: జలగలంటే మా పిల్లలకు చచ్చేంత భయం. ఏం చేయాలె?
– ఒక పాఠకురాలు, ములుగు

జవాబు: డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వరకు తక్కువ. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా అడుగడుగునా ఉంటాయి. ఇవి చెరువు జలగలు కావు, రాలిన ఆకుల్లో ఉండే నేల జలగలు. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి పసిగట్టి వస్తాయి. ముందు నడిచేవారి అడుగులకు లేచి వెనకవారిని పట్టుకుంటాయి. కాబట్టి పిల్లల్ని వరుసలో ముందు పెట్టండి, ఆకుల మీద ఎక్కువసేపు నిలబడనివ్వకండి.

మామూలు సాక్సుల అల్లిక సందుల్లోంచి దూరగలవు. దట్టమైన గుడ్డతో మోకాలి దాకా కుట్టిన జలగ సాక్సులు దొరుకుతాయి. ప్యాంటు అంచులు వాటిలోకి దోపి పైన తాడు బిగించండి. జీన్స్ వద్దు, తడిస్తే ఆ గాలిలో రెండు రోజులైనా ఆరదు.

పట్టుకుంటే ఉప్పు చల్లడం, అగ్గిపుల్లతో కాల్చడం, పట్టి లాగడం చేయకండి. కాల్చినా ఉప్పేసినా అది కడుపులోది గాయంలోకి కక్కుతుంది, పుండు పడేది అందుకే. సన్నగా ఉన్న కొస నోరు. చర్మం మీద గోరును పక్క నుంచి జరుపుతూ ముందు ఆ కొసను, తర్వాత లావుగా ఉన్న కొసను విడదీసి విసిరేయండి. రక్తం గడ్డకట్టనివ్వని పదార్థం ఎక్కించి ఉంటుంది కాబట్టి చాలాసేపు కారుతుంది, కంగారు పడొద్దు. సబ్బుతో కడిగి, గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారు మాత్రం డాక్టర్ని అడిగాకే పోవాలి.

ప్రశ్న: కెమెరా లెన్సు మీద ఆవిరి పడుతదంటరు, నిజమేనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ఏసీ గదిలోంచి తీయగానే పడుతుంది. కెమెరాను జిప్ కవర్లో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో మూసి, బయటికొచ్చాక అరగంట ఆగి తెరవండి. తెల్లటి ఆకాశం ముందు కూర్చున్న కోతి నల్లటి మచ్చలా పడుతుంది, ఎక్స్‌పోజరు ఒక మెట్టు పెంచి తీయండి. ఫ్లాష్ అంత ఎత్తుకు అందదు. దగ్గర్లో ఉన్నవి మాత్రం బెదిరిపోతాయి.