మధ్యాహ్నం మాత్రమే ఛానళ్లు గడులు గడులుగా విరిగిపోతుంటే సెట్‌టాప్ బాక్సు మార్చాలా?

గుంటూరు కొరిటెపాడులో ఉంటామన్నారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా కొన్ని ఛానళ్లు గడులు పడుతున్నాయి, రాత్రికి వాటంతట అవే బాగవుతున్నాయి, కేబుల్ అబ్బాయేమో బాక్సు పోయింది, 1,500 ఇస్తే కొత్తది పెడతానంటున్నాడు. ఇదీ మీ ప్రశ్న. ఆ డబ్బులు ఇప్పుడే ఇవ్వకండి. నేను ఇచ్చి చూశాను.

మాది విజయవాడ సత్యనారాయణపురం, పై వాటాలో ఉంటాం. రెండేళ్ల కిందట మే నెలలో మా ఇంట్లోనూ అచ్చం ఇదే గొడవ. మా అత్తగారికి మధ్యాహ్నం సీరియల్ అంటే ప్రాణం. సరిగ్గా ఆ టైముకే బొమ్మ ముక్కలయ్యేది, మాట తెగిపోయేది. సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి పెడితే అద్దంలా ఉండేది. "నువ్వుంటేనే ఆ డబ్బా బుద్ధిగా ఉంటుందమ్మా" అనేవారు. సరేనని బాక్సు మార్పించాం. ఆ తర్వాత నాలుగు రోజులు మబ్బు పట్టి చల్లగా ఉండటంతో బాగైపోయిందనే అనుకున్నాం. మళ్లీ ఎండ కాయగానే కొత్త బాక్సులోనూ అదే తంతు.

అప్పుడు కింది వాటావాళ్ల అబ్బాయి ఓ ఉపాయం చెప్పాడు. వాళ్లదీ మా కేబులే. మిట్టమధ్యాహ్నం మా బాక్సు తీసుకెళ్లి వాళ్ల వైరుకి పెట్టాం, వాళ్ల బాక్సు తెచ్చి మా వైరుకి పెట్టాం. మనం కట్టిన ప్యాకేజీ బాక్సుతోనే ఉంటుంది కాబట్టి మా ఛానళ్లన్నీ వాళ్లింట్లోనూ వచ్చాయి, ఒక్క గడి కూడా పడలేదు. వాళ్ల బాక్సు మాత్రం మా గదిలో తన్నుకుంది. అంటే తప్పు బాక్సుది కాదు, మా వైరుది. మీరూ ముందు ఇదొక్కటి చేయండి. పది నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. అయితే ఛానళ్లు చెడిపోయే టైములోనే చేయాలి. రాత్రి చేస్తే రెండూ బాగానే ఉంటాయి, ఏమీ తేలదు.

ఎండకీ సిగ్నల్‌కీ ఏం సంబంధం అంటారా? పాత అనలాగ్ రోజుల్లో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పాకేవి, బొమ్మ మసకగానైనా కనిపించేది. డిజిటల్‌లో అలా కాదు. సిగ్నల్ ఒక హద్దు వరకు ఎంత తగ్గినా మనకు తెలియదు, ఆ హద్దు దాటగానే గడులు పడతాయి, ఇంకొంచెం తగ్గితే ఏమీ రాదు. వైరు వేడెక్కితే అందులో సిగ్నల్ నష్టం కాస్త పెరుగుతుంది. మామూలుగా అయితే ఆ కాస్తకి ఏమీ కాదు. జాయింటు చెడిపోయి ముందే హద్దు మీద ఉన్న ఇంట్లో మాత్రం ఆ కాస్తే చాలు. కొన్ని ఛానళ్లే ఎందుకంటే, కేబుల్లో ఒక్కో ఫ్రీక్వెన్సీ మీద పదికి పైగా ఛానళ్లను కట్టగట్టి పంపుతారు. జాయింటు పాడైతే అన్ని కట్టలూ ఒకేలా దెబ్బతినవు. పోయే ఛానళ్ల పేర్లు ఓ కాగితం మీద రాసిపెట్టుకోండి. ప్రతిసారీ అవే పోతుంటే అవి ఒకే కట్టలోవి అయ్యుండొచ్చు.

మా వైరు స్తంభం నుంచి డాబా పిట్టగోడ మీదుగా గదిలోకి దిగుతుంది. మా ఆయనా నేనూ సాయంత్రం పైకెళ్లి చూశాం. ఎప్పుడో తెగితే ఎవరో రెండు రాగి తీగల్నీ మెలేసి టేపు చుట్టి వదిలేశారు, వైరు చివర బిగించే లోహపు పిన్నే అసలు లేదు. రోళ్లు పగిలే రోహిణి కార్తె ఎండలకి టేపు జిగురు ఎప్పుడో కరిగిపోయింది. లోపల రాగి పచ్చగా చిలుం పట్టి ఉంది. కేబుల్ ఆయన్ని పిలిచి అది చూపిస్తే మాట్లాడకుండా చెడిన ముక్క కోసేసి, రెండు చివరలకీ కొత్త పిన్నులు వేసి, మధ్యలో జాయినర్ పెట్టాడు. పిన్నులో నుంచి మధ్య తీగ రెండు మూడు మిల్లీమీటర్లు బయటికి రావాలి, చుట్టూ ఉండే సన్నటి అల్లిక తీగల్లో ఒక్కటి కూడా దానికి తగలకూడదు. దగ్గరుండి చూసుకోండి. ఆ జాయింటు మా పిట్టగోడ మీద ఇప్పటికీ అలాగే ఉంది.

మీరు మాత్రం స్తంభం వైపు చెయ్యి పెట్టొద్దు. మన ఊళ్లలో కేబుల్ వైర్లు కరెంటు స్తంభాల మీదే వేలాడుతుంటాయి. ఇంట్లోనైనా పిన్ను ముట్టుకుంటే చురుక్కుమంటే, టీవీ, బాక్సు రెండింటి ప్లగ్గులూ తీసేసి కేబుల్ ఆయన్నే రమ్మనండి.

ఒక వైరును రెండు టీవీలకు పంచే స్ప్లిట్టర్ ఉంటే దాన్నీ చూడండి. ఒకటి రెండుగా చీలిస్తే ఒక్కో టీవీకి సగం సిగ్నల్ కూడా రాదు. పడకగదిలో టీవీ ఎప్పుడో తీసేసినా చాలా ఇళ్లలో స్ప్లిట్టర్ అలాగే ఉంటుంది. మా ఇంట్లోనూ ఉంది, పీకేశాం.

ఇంకో మాట, మీకు అవసరం లేకపోయినా. తెర మీద "నో సిగ్నల్" అని టీవీ చూపిస్తే అది కేబుల్ సమస్య కాదు, బాక్సు ఆగిపోయిందనో, రిమోట్‌లో సోర్స్ మారిపోయిందనో అర్థం. కేబుల్ పోతే ఆ సంగతి బాక్సే తన మెనూతో, తన అక్షరాలతో చెబుతుంది. ఈ తేడా తెలియక మా అత్తగారు కేబుల్ ఆయన్ని రెండుసార్లు ఊరికే పిలిపించారు.

బాక్సు మెనూలో సిగ్నల్ బలం, క్వాలిటీ అని రెండు అంకెలు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి ఒకే ఛానల్ మీద ఫోన్‌తో ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను. కేబుల్ అబ్బాయిని కూడా రాత్రి కాకుండా మధ్యాహ్నం రెండింటికి రమ్మనండి. ఎండలో రానంటాడు, అయినా సరే రప్పించండి.