విప్పే ముందు చదువు

చింతాద్రిపేట, చెన్నై

తల్లీ,

ఉద్యోగం మానేసి అంబత్తూరులో షెడ్డు తీసుకున్నావట, పాత కార్లు మాత్రమే చేస్తావట. మీ నాన్న ఫోన్లో ఏడ్చినంత పని చేశాడు. నేను మాత్రం ఫోన్ పెట్టేసి, షుగరుందని పెద్దమ్మ తిడుతున్నా రెండో కాఫీ తాగాను. భయం ఆ తర్వాత పట్టుకుంది.

వండలూరులో 1961 నుంచి హెరాల్డ్ కార్లు కట్టిన కంపెనీ మూతబడి ముప్పై ఏళ్లు దాటింది. అంబాసిడర్ 2014లో ఆగింది. ఇంజిన్లో నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య గ్యాపు చెవితో పట్టే మేస్త్రీల కొడుకులు కంప్యూటర్ తగిలించి చూసే షోరూములకి వెళ్లారు. వాళ్లనేం అనను, మా షెడ్డులో నేనిచ్చిన జీతం నాకు తెలుసు.

ముందు బ్రేకులు, తర్వాత వైరింగు, రంగు ఆఖర్న. పెట్రోలు పైపులన్నీ మార్చు, ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది. పాత స్పేర్లు అమ్మే పుదుపేటకి పాడైన స్పేరు చేత్తో పట్టుకుని వెళ్లు, పేరు చెప్పి అడగకు. యాభై ఏళ్లు దాటిన బండికి వింటేజ్ రిజిస్ట్రేషన్ 2021లో వచ్చింది, ఆ కాగితాలు బండివాళ్లనే చూసుకోమను.

మొదటి బండే హెరాల్డ్ అట కదా. ఇక్కడ నెమ్మదిగా చదువు.

1994లో నా దగ్గరికీ ఒక హెరాల్డ్ వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారిది. ఛాసీ తుప్పు పట్టిందని మొత్తం విప్పాం. హెరాల్డ్ బాడీ ముందు వెనక ముక్కలుగా ఛాసీ మీద బోల్టులతో కూర్చుంటుంది. ఏ బోల్టు కింద ఒక షిమ్ము, అంటే సందు నింపే పల్చటి రేకు ముక్క, ఏ బోల్టు కింద మూడు అన్నదాన్ని బట్టే డోర్లు సరిగ్గా పడతాయి. మా మేస్త్రి ఆ షిమ్ములన్నీ విప్పిన వరసలోనే గోడవార పేపరు మీద పరిచాడు. సాయంత్రం వాన. నీళ్లు లోపలికొస్తున్నాయని నేను, ఓనర్ని కదా, అన్నీ ఊడ్చి ఒక పాలపొడి డబ్బాలో పోశాను. తెలివైన పని చేశాననుకున్నాను కూడా. మర్నాడు మేస్త్రి డబ్బాలోకి చూశాడు. "సరే సార్" అన్నాడు, అంతే. నెల తిరక్కుండా తండ్రికి బాగోలేదని ఊరెళ్లి అక్కడే ఉండిపోయాడు. మిగిలినవాళ్లం రెండేళ్లు కుస్తీ పట్టాం. ఎడమ డోరు పడితే కుడిది పడదు, కుడిది సర్దితే బానెట్ వంకర. మాస్టారు ఆదివారం ఆదివారం గొడుగేసుకుని వచ్చి, బండి పక్కన స్టూలు మీద కాసేపు కూర్చుని వెళ్లేవారు. ఒక్కసారైనా కేకలేసి ఉంటే బాగుండేది. ఆయన పోయాక కొడుకు దాన్ని పాత ఇనుము వాళ్లకి తూకానికి అమ్మేశాడు. అడ్వాన్సు తిరిగిస్తే తీసుకోలేదు.

కాబట్టి విప్పే ముందు ఫోటో తియ్యి. ప్రతి షిమ్మునీ దాని బోల్టుకే గుచ్చి, గుడ్డపీలిక కట్టి, ఎక్కడిదో రాయి. వాటిని ఎవరినీ ముట్టనివ్వకు, నన్నైనా సరే. మొదటి బండి రోడ్డెక్కేదాకా రెండోది ఒప్పుకోకు. నీ దగ్గర పనిచేసే కుర్రాడికి జీతం షెడ్డు అద్దె కంటే ముందివ్వు.

ఇంకొకటి, మొండి పిల్లా. వట్టి జాకీని నమ్మి బండి కింద దూరావని తెలిసిందో, షెడ్డుకి వచ్చి తాళం వేస్తాను. స్టాండ్లు కొను. డబ్బు చాలకపోతే నన్నడుగు, మీ నాన్ననొద్దు.

ఆదివారం బస్సులో వస్తాను. చేతులు వణుకుతున్నాయి, స్పానర్ పట్టలేను. బండి పక్కన ఒక స్టూలు వేయించు. పెద్దమ్మ నిమ్మకాయ పచ్చడి పంపుతోంది, సీసా తిరిగి ఇచ్చెయ్యాలట.

మీ పెదనాన్న