ట్రెజర్ బీచ్ దగ్గర సాగు మొదలెట్టే ముందు

అల్లుడూ,

జమైకాలో సెయింట్ ఎలిజబెత్‌లో, అదీ ట్రెజర్ బీచ్ వైపు, పొలం లీజుకి తీసుకున్నావని మీ అమ్మ చెప్పింది, చాలా సంతోషం రా. ఆ జిల్లాకి దేశం మొత్తానికి అన్నపూర్ణ అని పేరు గానీ దక్షిణం వైపు వాన తక్కువ, శాంటా క్రజ్ కొండలు అడ్డం, మన అనంతపురం లాగే వర్షచ్ఛాయ, అందుకే ఇంత రాస్తున్నా.

అక్కడ మే, జూన్‌లో ఒక విడత వాన, జులైలో గ్యాప్, మళ్లీ సెప్టెంబర్ నుంచి నవంబర్ దాకా, అందులో అక్టోబరే అసలు నెల. డిసెంబర్ నుంచి ఏప్రిల్ దాకా బెట్ట. ఎల్ నినో, అంటే పసిఫిక్ సముద్రం మామూలు కంటే వేడెక్కడం, వచ్చిందన్నారంటే ఎక్కువగా ఆ రెండో విడతకే దెబ్బ, 2009-10లో, 2014-15లో కరీబియన్ మొత్తం నీళ్లకి అల్లాడింది.

వచ్చే మూడు నెలల వానల అంచనా (అవుట్‌లుక్) వస్తుంది కదా, మ్యాప్‌లో రంగు చూసి కంగారు పడకు, అంకెలు చూడు. పాత 30 ఏళ్ల వానల్ని తక్కువ, మామూలు, ఎక్కువ అని మూడు వాటాలేసి ఈసారి దేంట్లో పడే ఛాన్స్ ఎంతో చెప్తారు. మూడూ 33 శాతం దగ్గరే ఉంటే ఎటూ చెప్పలేకపోతున్నారని. తక్కువకి 45 శాతం ఉంటే ముందే ట్రక్కు నీళ్లు మాట్లాడి పెట్టుకో. పైగా అది మూడు నెలల మొత్తం, ఒక్క తుఫానుకే లెక్క సరిపోవచ్చు, మిగతా వారాలు నీ ఉల్లికాడలు ఎండుతూనే ఉంటాయి.

అందుకే నవంబర్ ఆఖర్న ట్యాంకులు తట్టి చూసి, ఉన్న నీళ్లకి సరిపడేంతే నాటు. వంద చదరపు మీటర్ల రేకుల మీద 50 మిల్లీమీటర్లు పడితే లెక్కకి 5,000 లీటర్లు, కారిపోయింది పోగా ఇంకాస్త తక్కువ. సెప్టెంబర్ రాకముందే రేకుల గట్టర్లు క్లీన్ చేయించు, ఆకులు అడ్డంపడి అక్టోబర్ వాన నేలపాలైతే ఏప్రిల్ దాకా ఏడవాల్సిందే. నీళ్లు సగమే ఉంటే పుచ్చ జోలికెళ్లకు.

ఇక గినీ గడ్డి, అక్కడి రైతుల దగ్గర ఇది తప్పకుండా నేర్చుకో. కోసి, ఎండబెట్టి సాళ్ల మీద మందంగా పరుస్తారు, మధ్యాహ్నం ఎండలో కూడా గడ్డి పక్కకి జరిపి వేలు పెడితే కింద ఎర్రమట్టి చల్లగా తగులుతుంది. డ్రిప్ పైపు ఆ గడ్డి కిందే వెయ్యి, పొద్దున్నే వదులు. గడ్డి కొనాలంటే కూడా ఖర్చే, కాబట్టి పొలంలో ఓ మూల దానికే వదిలెయ్.

ట్యాంకులు ఎన్ని, రేకుల కొలత ఎంతో రాసి పంపు, ఎంత నాటొచ్చో ఇద్దరం కూర్చుని లెక్కేద్దాం.

మీ మామయ్య