కొట్టకపోతే పిల్లలు మాట వింటారా? బెత్తం పట్టి వదిలేసిన టీచరుగా నా జవాబు

మీరు సూటిగా అడిగారు కాబట్టి నేనూ సూటిగానే చెప్తాను. "మేమంతా బడిలో దెబ్బలు తినే బాగుపడ్డాం, ఇప్పుడేమో పిల్లల మీద చెయ్యి వెయ్యకూడదంటున్నారు, మరి క్రమశిక్షణ ఎలా వస్తుంది?" అన్నారు. నేను పద్నాలుగేళ్ళుగా లెక్కలు చెప్తున్నాను. మొదటి రెండేళ్ళు బెత్తం పట్టుకునే చెప్పాను, తర్వాత పూర్తిగా మానేశాను. చిన్నప్పుడు దెబ్బలు తిన్నదాన్ని కూడా.

ముందు మీతో ఒప్పుకునే విషయం చెప్తాను. కొడితే క్లాసు నిశ్శబ్దమవుతుంది, అందులో అబద్ధం లేదు. యాభై మంది ఉన్న గదిలో, గంట మోగేలోపు పాఠం పూర్తి చెయ్యాలన్న టెన్షన్‌లో, బెత్తం ఒక్కసారి బల్ల మీద చప్పుడు చేస్తే చాలు, నోళ్ళన్నీ మూతపడతాయి. ఆ నిశ్శబ్దం చూసి పాఠం ఎక్కుతోందని నేనూ నమ్మాను.

నా కళ్ళు తెరిపించింది భిన్నాల పాఠం. ఏడో తరగతి. హోంవర్కులో తప్పుంటే అరచేతి మీద రెండు దెబ్బలు, అదీ నా రూలు. నెల తిరిగేసరికి నోట్సులన్నీ తప్పుల్లేకుండా రావడం మొదలైంది. కానీ పరీక్ష పెడితే సగం మంది 1/2కి 1/3 కలిపి 2/5 అని రాశారు, అంటే పైవి పైవాటితో, కిందివి కిందివాటితో కలిపేశారు. ఇంటి లెక్కల్లో ఒక్కరూ చెయ్యని తప్పు పరీక్షలో ఇంతమంది ఎలా చేశారా అని నోట్సులన్నీ మళ్ళీ తెప్పించి తిరగేశాను. ఒకే లెక్కలో, ఒకే చోట, 6 రాసి కొట్టేసి పక్కన మళ్ళీ 6 రాసిన గుర్తు పదకొండు నోట్సుల్లో ఉంది. కొట్టివేతతో సహా దించేశారు పాపం.

మర్నాడు ఒక అబ్బాయిని బోర్డు దగ్గరికి పిలిచాను. సుద్దముక్క కుడిచేతిలో ఉంది, ఎడమచెయ్యి మాత్రం నేను ఒక్క అడుగు వెయ్యకముందే వీపు వెనక్కి వెళ్ళిపోయింది. "ఎక్కడ అర్థం కాలేదు నాన్నా?" అని అడిగాను. "అంతా అర్థమైంది టీచర్" అన్నాడు. బోర్డు మీద ఒక్క అంకె లేదు. వాడి కళ్ళు నా మొహం మీద లేవు, బల్ల మీదున్న బెత్తం మీద ఉన్నాయి.

నా వాదనంతా ఇదే. ఏ పిల్లాడికి ఎక్కడ తెలియడం లేదో టీచరుకి తెలియాలి, అది తెలియకుండా పాఠం చెప్పడం చీకట్లో రాయి విసరడమే. తెలియకపోతే దెబ్బ పడుతుందంటే ఏ పిల్లలైనా లెక్క నేర్చుకోవడం కంటే ముందు, తెలియదన్న సంగతి దాచడం నేర్చుకుంటారు. రెండేళ్ళపాటు నేను నేర్పింది అదే.

ఇక "దెబ్బలు తినే బాగుపడ్డాం" అన్న మాట. నా మట్టుకు నాకు, స్పెల్లింగు తప్పు రాసినందుకు వేళ్ళ మధ్య పెన్సిల్ పెట్టి నొక్కిన రోజు బాగా గుర్తుంది, ఏ పదం తప్పు రాశానో మాత్రం గుర్తులేదు. ఆ తర్వాత కాలేజీకి వెళ్ళినా క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగడానికి నాకు ఏళ్ళు పట్టింది. నా పక్క బెంచీ అమ్మాయి రోజూ గోడకుర్చీ వెయ్యలేక ఆరో తరగతి మధ్యలోనే బడి మానేసింది. బాగుపడ్డాం అని చెప్పుకునేది మిగిలినవాళ్ళమే కదా, ఆమె లాంటివాళ్ళని ఎవరూ అడగరు. బాగుపడినవాళ్ళు కూడా దెబ్బల వల్ల బాగుపడ్డారో, దెబ్బలు తిన్నా బాగుపడ్డారో ఎలా తేలుస్తారు?

ఇది నా ఒక్కదాని అనుభవమే అంటారేమో. 2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్ కేలర్ అనే పరిశోధకులు 75 అధ్యయనాలను, దాదాపు 1 లక్షా 60 వేల మంది పిల్లల వివరాలను కలిపి చూశారు. అది ఇంట్లో పెద్దవాళ్ళు చేత్తో కొట్టే మామూలు దెబ్బల గురించి, గాయాలయ్యేంత కొట్టడం గురించి కాదు. దెబ్బలు ఎక్కువ తిన్న పిల్లల్లో మొండితనం, దూకుడు ఎక్కువగా కనిపించాయి, మాట వినడం పెరిగిన దాఖలా లేదు. మొండి పిల్లలకే దెబ్బలు ఎక్కువ పడతాయి కదా అని అడగొచ్చు, ఆ ప్రశ్న న్యాయమైనదే, కానీ కొడితే బాగుపడతారు అనడానికి ఆధారమైతే అందులో దొరకలేదు.

చట్టాల సంగతి కూడా కొత్తదేం కాదు. పోలెండ్ 1783లోనే బడుల్లో దెబ్బలు వద్దంది. స్వీడన్ 1979లో ఇంట్లో కూడా కొట్టకూడదంది. భారత్‌లో 2009 నాటి విద్యాహక్కు చట్టం, 17వ సెక్షన్‌లో శారీరక శిక్షతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఇటు అమెరికాలో, జవాబివ్వడం ఆలస్యమైందని జేమ్స్ ఇన్‌గ్రామ్ అనే 14 ఏళ్ళ అబ్బాయిని చెక్కబద్దతో ఇరవైకి పైగా దెబ్బలు కొట్టారు, కొన్ని రోజులు బడికి రాలేకపోయాడు. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్తే 1977లో అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలబడి, క్రూరమైన శిక్షలు వద్దనే రాజ్యాంగ రక్షణ నేరస్థులకే గానీ బడిపిల్లలకు వర్తించదని తీర్పిచ్చారు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టవుతుంది.

మరి నేనేం చేశాను? నిజం చెప్పాలంటే బెత్తం మానేసిన మొదటి నెలా రెండు నెలలు క్లాసు సంతలా ఉండేది. అప్పుడు ఆ ఉక్రోషంలో వెటకారంగా మాట్లాడడం మొదలుపెట్టాను, "నీకీ జన్మలో లెక్కలు రావు" లాంటివి. ఒకమ్మాయి వారం రోజులు తలెత్తలేదు. చేత్తో ఆపిన దెబ్బ నోటితో కొడుతున్నానని అప్పుడు తెలిసింది, అదీ మానుకున్నాను, అది మానడమే ఎక్కువ కష్టమైంది. తర్వాత హోంవర్కు రూలు మార్చాను. లెక్క ఎక్కడ ఆగిపోతే అక్కడ గీత గీసి తీసుకురండి, గీత ఉన్నా హోంవర్కు చేసినట్టే. దించి రాయాల్సిన అవసరమే పోయింది. అల్లరి చేసేవాళ్ళని అందరి ముందు నిలబెట్టకుండా, గంట అయ్యాక విడిగా కూర్చోబెట్టి మాట్లాడేదాన్ని. ఏదైనా పాడుచేస్తే వాళ్ళే సరిచెయ్యాలి, ఎవరినైనా కొడితే ఆ రోజే తల్లిదండ్రులకు కబురు. క్లాసు గాడిన పడటానికి దాదాపు సగం సంవత్సరం పట్టింది.

టీచర్ల బాధ కూడా చెప్పాలి. కొట్టొద్దని ఆదేశం వస్తుంది, సంతోషం, కానీ యాభై మందిని ముప్ఫైకి తగ్గించరు, పిల్లలతో కూర్చుని మాట్లాడే కౌన్సెలర్‌ని ఇవ్వరు, కొట్టకుండా క్లాసు నడపడం ఎలాగో ఒక్క పూట శిక్షణ కూడా ఉండదు. ఆ కోపం న్యాయమైనదే. అది పిల్లాడి అరచేతి మీద తీర్చుకుంటేనే అన్యాయం.

మీరు తల్లో తండ్రో అయితే నాదొక్క మనవి. స్కూలుకి వచ్చినప్పుడు "మా వాడికి నాలుగు తగిలించండి టీచర్, మేం ఏమీ అనుకోం" అని మాత్రం అనకండి. వాడు పక్కనే నిలబడి మీ మొహం వైపే చూస్తుంటాడు.