ముందు చక్రాలు తేలిపోతుంటే హిచ్ మారిస్తే చాలా?

ప్రశ్న: మాది గాజువాక. ఆటోనగర్‌లో మావయ్య షెడ్డులో జేసీబీల రిపేరు నేర్చుకున్నాను. వచ్చే నెల డాలస్‌లో అన్నయ్య దగ్గర తవ్వకం పనుల్లో చేరుతున్నాను. హాఫ్ టన్ పికప్‌కి (అక్కడి చిన్న తరగతి పికప్ బండి) మినీ ఎక్స్‌కవేటర్ ఎక్కించిన ట్రైలర్ తగిలిస్తే ముందు భాగం పైకి లేస్తోందట. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్‌ని బండికి కలుపుతూ బరువు పంచే కొక్కెం) వేస్తే సరిపోతుందా?

జవాబు: ముందు లేవడం తగ్గుతుంది తమ్ముడూ. బరువే ఎక్కువైతే మాత్రం ఆ హిచ్ చేసేదేమీ లేదు.

మన పోర్టు రోడ్డులో తిరిగే ట్రైలర్ల ముందు బరువు ఇంజను బండి వెనక ఇరుసుల మీదే కూర్చుంటుంది. పికప్‌కి అలా కాదు, బంపర్ కింద, ఇరుసుకి బాగా వెనక పడుతుంది. దాంతో స్టీరింగ్ తేలికైపోతుంది, ముందు బ్రేకులకు పట్టు తగ్గుతుంది. హిచ్‌కుండే స్ప్రింగ్ బార్లు ఆ భారంలో కొంత ముందు చక్రాలకీ, కొంత ట్రైలర్ ఇరుసులకీ పంచుతాయి. దాని పని అంతవరకే.

కాబట్టి అన్నయ్యని ముందు లెక్క వేయమను. మిషను 8,000 పౌండ్లు, ట్రైలర్ 2,500 అనుకుందాం. మొత్తం 10,500. అందులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడాలి, అంటే 1,050 నుంచి 1,575 దాకా. ఇప్పుడు డ్రైవర్ తలుపు తీసి పక్కనున్న స్టిక్కర్ చూడమను. మనుషులూ సామానూ కలిపి బండి ఎంత మోయగలదో దాని మీద ఉంటుంది. హిచ్ మీద పడే బరువు కూడా ఆ లెక్కలోదే. 1,600 అని ఉంటే, దానికి తోడు ముగ్గురు మనుషులు, పనిముట్ల పెట్టె ఎక్కేసరికి లెక్క దాటిపోయినట్టే. అప్పుడు కావలసింది పెద్ద బండి. కొత్త హిచ్ కొన్నా డబ్బు దండగే. రిసీవర్ (బండి వెనక హిచ్ దూర్చే గొట్టం) మీద కూడా స్టిక్కర్ ఉంటుంది, మామూలుగా ఎంత, ఈ హిచ్‌తో ఎంత అని రెండు అంకెలు వేస్తారు. నమ్మకం కుదరకపోతే హైవే పక్క ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ అనే వేబ్రిడ్జి మీద తూయించండి. ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రైలర్ విడివిడిగా చీటీ మీద వస్తాయి.

బిగించేటప్పుడు టేపు దగ్గర పెట్టుకో. ట్రైలర్ తగిలించకముందు ముందు చక్రం పైన ఫెండర్ (మడ్‌గార్డ్) ఎత్తు కొలువు. తగిలించాక మళ్లీ కొలువు. రెండంగుళాలు లేచిందంటే, బార్లు బిగించాక కనీసం ఒక అంగుళం కిందికి రావాలి. కచ్చితంగా ఎంత రావాలో బండి మాన్యువల్ చెబుతుంది, దాన్నే నమ్ము. మరీ బిగిస్తే వెనక చక్రాలు తేలికై అదో తంటా.

మిషను ఇరుసులకు కొంచెం ముందుగా నిలబెట్టు. వెనక్కి జరిగితే హిచ్ తేలిపోయి ట్రైలర్ తోక ఊపడం మొదలెడుతుంది. ఊగితే కంగారుగా బ్రేక్ తొక్కకు, స్టీరింగ్ తిప్పకు. యాక్సిలరేటర్ వదిలి, బ్రేక్ కంట్రోలర్‌లోని (డ్రైవర్ దగ్గరుండి ట్రైలర్ బ్రేకులు నడిపే పెట్టె) చేతి మీటతో ట్రైలర్ బ్రేకు ఒక్కటే మెల్లగా వెయ్యి. బకెట్ కిందికి దించి దానికీ గొలుసు కట్టు. సేఫ్టీ చైన్లు హిచ్ కింద ఒకదానికొకటి అడ్డంగా, కత్తెర వేసి తగిలించు.

మన హెవీ లైసెన్స్ అక్కడ కమర్షియల్ లైసెన్స్‌గా చెల్లదు. బండి, ట్రైలర్ రేటింగులు (కంపెనీ ఒప్పుకున్న గరిష్ఠ బరువులు) కలిపి 26,001 పౌండ్లు గానీ ఎక్కువ గానీ ఉండి, ట్రైలర్ రేటింగ్ 10,000 దాటితే సీడీఎల్, అంటే ఆ కమర్షియల్ లైసెన్స్, కావాలి. వ్యాపారానికి రాష్ట్రం దాటి వెళ్లేటప్పుడు రెండూ కలిపి 10,001 ఉన్నా డాట్ నంబర్ (అమెరికా రవాణా శాఖ ఇచ్చే రిజిస్ట్రేషన్ నంబర్) అడుగుతారు. ఇన్సూరెన్స్ ఏజెంటుకి మాత్రం మొదటి రోజే ఫోన్ చెయ్యండి. సొంత వాడకం పాలసీ మీద వ్యాపారం మిషను లాగుతున్నారని తెలిస్తే క్లెయిమ్ దగ్గర పేచీ పెడతారు.