పబ్లిక్ హియరింగ్‌కు వెళ్లే ముందు: సర్పంచ్ అయిన మేనల్లుడికి ఉత్తరం

చి. మేనల్లుడికి మామయ్య ఆశీర్వదించి రాయునది.

ఊరి పక్కన మందుల ఫ్యాక్టరీకి పబ్లిక్ హియరింగ్ (ప్రజాభిప్రాయ సేకరణ) నోటీసు పడిందని, సగం ఊరు బహిష్కరిద్దామంటే మిగతా సగం ఉద్యోగాలొస్తాయంటోందని రాశావు. ముందు ఒక సంగతి బుర్రలో పెట్టుకో. ఆ రోజు అక్కడ జరిగేది ఓటింగు కాదు. ఎన్ని చేతులు లేచాయో ఎవరూ లెక్కపెట్టరు. రికార్డులోకి ఏమెక్కింది, దానికి కంపెనీ ఏం బదులిచ్చింది, అదొక్కటే పైకి పోతుంది. బహిష్కరిస్తే కంపెనీకి అంతకన్నా మేలు లేదు. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం హియరింగ్‌కు కోరం, అంటే ఇంతమంది రావాలన్న లెక్క, అక్కర్లేదు. పదిమందే వచ్చినా జరిగినట్టే లెక్క.

పక్క మండలంలో ఇథనాల్ ప్లాంటుకు హియరింగే పెట్టలేదేమని అడిగావు. ధాన్యం నుంచి పెట్రోల్లో కలిపే ఇథనాల్ మాత్రమే తీసే ప్లాంట్లను 2021లో కేంద్రం బీ-2 కేటగిరీలోకి, అంటే ఈఐఏ నివేదిక అక్కర్లేని వాటిలోకి, మార్చింది. బీ-2కి హియరింగ్ ఉండదు. ముందే పర్యావరణ అనుమతి పొందిన పారిశ్రామిక పార్కులో పెట్టే యూనిట్లకూ అంతే. మీకు నోటీసు వచ్చిందంటే ఆ దారులు లేవన్నమాట. దాన్ని వదులుకోకు.

నోటీసు కటింగ్ దాచు. ఒక జాతీయ దినపత్రికలో, ఒక తెలుగు దినపత్రికలో పడాలి, పడిన రోజు నుంచి హియరింగ్‌కు కనీసం 30 రోజుల గడువుండాలి. తక్కువైతే ఇప్పుడే కలెక్టరుకు, పీసీబీకి (కాలుష్య నియంత్రణ మండలికి) రాతపూర్వకంగా ఇవ్వు. ముసాయిదా ఈఐఏ నివేదిక కలెక్టరేట్‌లో, జడ్పీలో, జిల్లా పరిశ్రమల కేంద్రంలో, మీ పంచాయతీ ఆఫీసులో అందుబాటులో ఉండాలి. తెలుగులో ఇచ్చేది సారాంశం మాత్రమే. అసలు సరుకంతా ఇంగ్లిష్ నివేదికలో ఉంటుంది. ఊళ్లో ఎంఎస్సీ కెమిస్ట్రీ చదివిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉండకపోరు, వాళ్లను కూర్చోబెట్టు.

నివేదిక మొత్తం చదవనక్కర్లేదు. మొదట భూమి వివరాల పట్టిక చూడు. బంజరు, బీడు అని రాసిన సర్వే నంబర్లను అడంగల్‌తో, గ్రామ నక్షాతో పక్కపక్కన పెట్టు. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీల గుర్తుంది కదా. చేపలు, వరి, గడ్డి, తాగునీరు అన్నీ ఇచ్చే చిత్తడి నేలను అక్కరకు రాని భూమిగా చూపబోయారు. 2010లో అక్కడి థర్మల్ ప్లాంటు అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ రద్దు చేసింది. అప్పటికే కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. నివేదికలో చెరువు ఎంత దూరమని రాశారో, వాగును అసలు చూపారో లేదో గూగుల్ ఎర్త్‌లో కొలిచి చూడు. గాలి, నీటి నమూనాలు ఏ నెలల్లో తీశారో కూడా రాసుకో. అవి మూడేళ్లకు మించి పాతవి కాకూడదు.

తర్వాత నీటి లెక్క. నీ సమయంలో సగం దీనికే పెట్టు. నివేదికలో 'కేఎల్‌డీ' అని ఉంటుంది, ఒక కేఎల్‌డీ అంటే రోజుకు వెయ్యి లీటర్లు. 500 కేఎల్‌డీ అంటే పదివేల లీటర్ల ట్యాంకర్లు రోజుకు యాభై. ఎకరా వరికి ఒక పంటకు 1200 మి.మీ. నీరనుకుంటే, ఏడాదికి ముప్పై అయిదు ఎకరాల పైచిలుకు వరి తాగే నీళ్లవి. ఇలా చెబితే రైతులకు వెంటనే అర్థమవుతుంది. నీళ్లు ఎక్కడివి, బోర్లా, కాలువా, ట్యాంకర్లా? బోర్లయితే భూగర్భజల అనుమతి కాగితం చూపించమను.

వ్యర్థజలం దగ్గర అందరూ చెప్పేది 'జీరో లిక్విడ్ డిశ్చార్జ్', చుక్క బయటికి రాదని. సరే, కాగితం మీద అలాగే ఉంటుంది. ఉప్పు ఎక్కువున్న వ్యర్థజలం ఎంఈఈకి, అంటే ఆవిరి చేసే యంత్రానికి, వెళ్తుంది. తక్కువున్నది బయలాజికల్ ట్రీట్‌మెంట్ తర్వాత ఆర్వోకి వెళ్తుంది. అడగాల్సింది ఇక్కడే. ఉదాహరణకు ఉప్పు వ్యర్థజలం రోజుకు 120 కేఎల్‌డీ, ఎంఈఈ సామర్థ్యం 100 అని ఉందనుకో, మిగతా 20 ఎక్కడికి? ఎంఈఈ గొట్టాల్లో పొర కట్టి శుభ్రం చేసేందుకు ఆపితే ఆ నీళ్లు నిల్వ చేసే ట్యాంకు ఎన్ని రోజులకు సరిపోతుంది? ఆవిరికి ఖర్చెక్కువ కాబట్టి రాత్రుళ్లు ఆపేసి వాగులోకి తోసేయడం ఈ రంగంలో పాత జబ్బు.

ఉప్పు లెక్కతో అబద్ధం బయటపడుతుంది. 100 కేఎల్‌డీ వ్యర్థజలంలో టీడీఎస్, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాలు, లీటరుకు 30,000 మిల్లీగ్రాములుంటే రోజుకు మూడు టన్నుల ఉప్పు మిగలాలి. ప్రమాదకర వ్యర్థాల పట్టికలో ఒక టన్నే పరవాడలోనో, దుండిగల్‌లోనో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపుతామని ఉంటే, 'మిగతా రెండు టన్నులు ఏ గుండంలో కలుస్తాయి సార్?' అని అడుగు. ఆ ప్రశ్నకు వేదిక మీద జవాబుండదు. వర్షాకాలం సంగతీ వదలకు. వాననీటి కాలువ ఆవరణ నుంచి ఎటు పోతుందో మ్యాపు మీద వేలు పెట్టి చూపమను. వాన పడిన రాత్రి వ్యర్థజలం అందులోకి వదిలితే రుజువు చేయడం కష్టం.

ప్రమాదాల అధ్యాయంలో ద్రావకాలు ఏవి, ఎన్ని కిలోలీటర్ల ట్యాంకులు, గాలి ఊరి వైపు వీచే నెలలేవి, సైరన్ ఎవరికి వినపడుతుంది, ఇంతవరకు అడిగితే చాలు. పీసీబీ పర్మిషనుంది కాబట్టి అన్నీ ఉన్నట్టే అని ఎవరైనా అంటే విశాఖ ఎల్జీ పాలిమర్స్ పేరు చెప్పు. 2020 మే 7న స్టైరీన్ లీకై 12 మంది పోయాక తెలిసింది, అక్కడ చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని. మరుసటి రోజే ఎన్జీటీ (జాతీయ హరిత ట్రిబ్యునల్) 50 కోట్లు జమ చేయమంది.

ఫ్యాక్టరీ రాకముందే మీ నీళ్లు పరీక్ష చేయించు. తర్వాత చేయిస్తే 'మీ నీళ్లు మొదట్నుంచీ అంతే' అంటారు. అయిదారు బోర్లు, ఒక చెరువు చాలు. బోరు పది నిమిషాలు వదిలేసి, రెండు లీటర్ల శుభ్రమైన సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి, గాలి లేకుండా నిండా పట్టు. తేదీ, సర్వే నంబరు సీసా మీద రాసి, ఐస్ పెట్టెలో అదే రోజు గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబుకు చేర్చు. పీహెచ్, టీడీఎస్, క్లోరైడ్లు, నైట్రేట్, గట్టిదనం అడుగు, ప్రైవేటు ల్యాబయితే సీఓడీ (నీటిలో సేంద్రియ కాలుష్యం ఎంతో చెప్పే కొలత) కూడా. పంచాయతీ కార్యదర్శి సంతకం, జీపీఎస్ ఫొటో ఉండాలి. తాగునీటిలో టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల దాకా మంచిది. వేరే దిక్కు లేకపోతే 2000 దాకా పర్వాలేదంటుంది ప్రమాణం.

అభ్యంతరాల కాగితం ఒక్కొక్కరు ఒక్కొక్క అంశం మీద రాయండి. ఒకే కాగితం జిరాక్సు తీసి మూడొందల మంది సంతకాలు పెడితే అది ఒక అభ్యంతరం కిందే పోతుంది. నివేదిక పేజీ నంబరు, అందులో ఏముంది, మీ దగ్గరున్న రుజువేంటి, చివర ఒక ప్రశ్న, అంతే. హియరింగ్‌కు ముందే పీసీబీ ప్రాంతీయ కార్యాలయంలో ఇచ్చి నకలు మీద ముద్ర వేయించుకోండి.

ఇక రాజకీయం. పెట్టుబడి తెచ్చామని ప్రభుత్వం చెప్పుకుంటుంది, ప్రతిపక్షం టెంటు వేస్తుంది, సీట్లు మారితే మాటలు మారతాయి. ఏ ఎమ్మెల్యే అయినా, ఏ జెండా అయినా నోటిమాట తీసుకోకు, లెటర్‌హెడ్ మీద రాయించుకో. జడ్పీ సర్వసభ్య సమావేశంలో జడ్పీటీసీ చేత అడిగించు, అదైనా మినిట్సులో ఉంటుంది. నీకన్నా ముందున్న పాలకవర్గం నిరభ్యంతరం ఇచ్చేసిందేమో తీర్మానాల పుస్తకం తిరగెయ్యి. ఇచ్చి ఉంటే దానికి జవాబుగా గ్రామసభ తీర్మానం ఒకటి తయారుగా ఉంచు. ట్రాక్టర్లలో బయటివాళ్లను దింపితే కొట్లాటకు దిగకండి. కుర్చీలు విరిగితే వాయిదా పడుతుంది, రెండోసారి పోలీసుల మధ్య పెడతారు, అప్పుడు ఆడవాళ్లు రారు. నీళ్ల గురించి వాళ్లు చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరు, మొదటి గంటలోనే వాళ్ల చేత మాట్లాడించు.

'ఊరి అభివృద్ధికి కోట్లు ఇస్తాం' అంటే సంతోషించి ఊరుకోకు. కేంద్ర పర్యావరణ శాఖ 2020 సెప్టెంబర్ మెమో ప్రకారం హియరింగ్‌లో ఇచ్చిన హామీలు డబ్బు లెక్కలో కాక, పని లెక్కలో షరతులుగా ఎక్కాలి. ఏ వీధికి ఎన్ని మీటర్ల పైపు, ఎప్పటిలోగా? చెప్పించి రాయించు.

ముగిశాక సారాంశాన్ని తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు హియరింగ్‌కు అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. చదువుతున్నప్పుడు లేచిపోకండి. మీ ప్రశ్న వదిలేస్తే అక్కడే లేచి చేర్పించండి, వీడియో నడుస్తూనే ఉంటుంది. మీ ఫోన్లలోనూ తీయండి. ఎనిమిది రోజుల్లో ఆ కాగితాలు పైకి పోవాలి. కాపీ కోసం సమాచార హక్కు దరఖాస్తు పది రూపాయలతో పెట్టు. ఏదైనా తేడా ఉంటే నేరుగా అనుమతిచ్చే సంస్థకే రాయొచ్చు.

అనుమతి వచ్చేస్తే కంపెనీ ఏడు రోజుల్లో పేపర్లో ప్రకటించాలి. చెన్నైలోని ఎన్జీటీ దక్షిణ బెంచికి అప్పీలు గడువు 30 రోజులు, సరైన కారణముంటే మరో 60. ఆ తర్వాత ఒక్క రోజు దాటినా తీసుకోరు. నష్టపరిహారం అడగకపోతే ఫీజు వెయ్యి రూపాయలే. పర్యావరణ అనుమతుల వివరాలు పెట్టే కేంద్ర వెబ్‌సైటు పరివేశ్ పోర్టల్ వారానికోసారి చూడ్డానికి ఒక పిల్లాడిని పెట్టు. నోటీసు తేదీ, హియరింగ్ తేదీ నాకు వాట్సాప్‌లో పంపు, 30 రోజులున్నాయో లేవో చూస్తాను.

ఇట్లు,
మీ మామయ్య